నాడా గుమ్మం దాటి లోపలికి: ఐర్లండ్ పల్లె కొలిమి

ఐర్లండ్ పల్లెల్లో తిరిగేవాళ్ళు ఆగి ఫొటో తీసుకునే గుమ్మాలు కొన్ని ఉంటాయి. చెక్కిన రాయితో గుర్రపు నాడా ఆకారంలో కట్టినవి. విక్లో కౌంటీలోని ఎన్నిస్కెరీలో అలాంటిది ఒకటుంది. అది పాత కొలిమి. గుమ్మం ముచ్చటగానే ఉంటుంది. కానీ దాన్ని చూసి, ఐరిష్ కమ్మరంటే గుర్రాలకు నాడాలు కొట్టేవాడనుకుంటే సగం పనే తెలిసినట్టు. నాడా పని నలుగురి కళ్ళ ముందు జరిగేది కాబట్టి పేరు దానికొచ్చింది. ఒళ్ళు హూనం చేసే పని బండి చక్రాలది. చెయ్యి తిరిగినవాడెవరో తేల్చే పని నాగలి కర్రుది.

ఈ పోస్టులో ఎక్కువగా లీట్రిమ్, కావన్ కౌంటీల వైపు చూద్దాం. ఇనుముతో ఆ నేలకు పాత చుట్టరికం ఉంది. లీట్రిమ్‌లో ఉన్న కొండ పేరే శ్లీవ్ ఆన్ ఇయరిన్, అంటే ఇనప కొండ. ఐరిష్ భాషలో కమ్మరిని గవా అంటారు, కొలిమిని క్యార్తా అంటారు. కమ్మరి కొడుకు మక్ గవన్. ఇంగ్లీషు దొరతనం వచ్చాక ఈ ఇంటిపేరు కొన్నిచోట్ల మెక్‌గోవన్ అయింది, కావన్‌లో ఎక్కువమందికి స్మిత్ అయిపోయింది. ఇప్పుడు కావన్‌లో స్మిత్ అనే పేరు వినగానే ఇంగ్లండ్ నుంచి వచ్చినవాళ్ళనుకోకూడదు. వాళ్ళలో చాలామంది అచ్చమైన గవా సంతతే.

కొలిమి కట్టే చోటు మామూలుగా నాలుగు దారుల కూడలి, పక్కనే వాగు. కూడలి బేరం కోసం, వాగు చక్రాల కోసం. ఆ సంగతి తర్వాత చెప్తాను. రాతి గోడలు, మట్టి నేల, చిన్న కిటికీ ఒకటే. లోపల చీకటిగా ఉంటే పేదరికం వల్లనో అశ్రద్ధ వల్లనో అనుకుంటారు. నిజానికి కావాలనే అలా ఉంచుతారు. ఇనుము ఎంత కాగిందో కమ్మరికి చెప్పేది దాని రంగొక్కటే. ఎండ పడే చోట మసక ఎరుపుకి వచ్చిన ఇనుము కూడా నల్లగానే కనిపిస్తుంది. చీకట్లో అయితే దానిమ్మ గింజ ఎరుపుకీ నారింజకీ తేడా ఇట్టే తెలుస్తుంది. సుమారుగా చెప్పాలంటే ఆ ఎరుపు 750 నుంచి 800 డిగ్రీలు, నారింజ 950, నిమ్మపండు పసుపు 1100. తెల్లబడుతూ నిప్పురవ్వలు చిమ్మడం మొదలైతే 1300 దగ్గరికి వచ్చినట్టు. అతుకు పెట్టే కాక అదే. ఒక్క క్షణం ఏమరితే ఇనుము కాలిపోయే కాక కూడా అదే.

నిప్పుకి పాతకాలంలో వాడింది టర్ఫ్ బొగ్గు. చిత్తడి నేలల్లో నాచూ గడ్డీ కుళ్ళీ కుళ్ళక వేల ఏళ్ళు ఒత్తుకుపోయి ఏర్పడిన మట్టే టర్ఫ్. దాన్ని ఇటుకల్లా కోసి ఎండబెట్టి పొయ్యిలో వాడతారు. కట్టెను కాల్చినట్టే గాలి తగలకుండా కాలిస్తే అది కూడా బొగ్గవుతుంది. గంధకం తక్కువ కాబట్టి అతుకులకు మంచిది, కానీ తేలిక, తొందరగా బూడిదైపోతుంది. తర్వాత రాక్షసి బొగ్గు వచ్చింది. దాన్ని పెద్ద గడ్డలుగా కాకుండా పొడిలా, శనగగింజంత ముక్కల్లా తీసుకుని, తడిపి, నిప్పు చుట్టూ గట్టు కడతారు. నిప్పు వేడికి గట్టులోని గంధకం, పొగ పోయి కోక్ తయారవుతుంది. కమ్మరి దాన్ని నడిమికి లాక్కుంటూ ఉంటాడు. తొందరపడి పచ్చి బొగ్గునే నడిమికి తోస్తే గంధకం ఇనుములోకి దిగుతుంది. అప్పుడు ఇనుము ఎర్రగా ఉండగానే సుత్తి దెబ్బకి పగుళ్ళు విచ్చుతుంది, అతుకైతే అసలు పట్టదు. ఇంకో శత్రువు చిట్టెం. బొగ్గులోని మట్టి కరిగి గాలి గొట్టం నోటి దగ్గర గాజుగడ్డలా పేరుకుంటుంది. తిత్తి ఎంత ఊదినా మంట మందగిస్తే ముందు చిట్టెమే చూడాలి. తిత్తి ఒక నిమిషం ఆపితే చిట్టెం గట్టిపడుతుంది. అప్పుడు కొక్కేనికి ఒకే గడ్డగా పైకొస్తుంది. ఊదుతూ కెలికితే విరిగి నిప్పంతా పరుచుకుంటుంది.

తిత్తి గురించి కాస్త చెప్పాలి. మన కమ్మరులు మేక తోలుతో చేసిన రెండు తిత్తులను ఒకదాని తర్వాత ఒకటి నొక్కినట్టు కాదు ఇది. ఐరిష్ కొలిమిలోది పెద్ద బేరిపండు ఆకారం. మూడు చెక్క పలకలు, వాటి చుట్టూ మేకులతో బిగించిన తోలు. నడిమి పలక కదలదు. కింది పలక దిగినప్పుడు దానిలోని తోలు రెప్ప తెరుచుకుని గాలి లోపలికి వస్తుంది. మోకు లాగితే కింది పలక లేస్తుంది, ఆ రెప్ప మూసుకుంటుంది, గాలి నడిమి పలకలోని రెండో రెప్పను తోసుకుని పై గదిలోకి పోతుంది. పై పలక మీద రాయో ఇనప ముక్కో బరువు పెట్టి ఉంటుంది. ఆ బరువు పై గదిని మెల్లగా నొక్కుతూ ఉంటుంది కాబట్టి కింది పలక దిగుతున్నప్పుడు కూడా గాలి ఆగదు. ఊదుకీ ఊదుకీ మధ్య నిప్పు చల్లారకపోవడం వల్లే పెద్ద ముక్కలకు సమంగా కాక పడుతుంది. లాగే కర్ర చివర పిడిగా ఆవు కొమ్ము తొడగడం చాలాచోట్ల చూస్తాం. చేతికి నున్నగా ఉంటుంది, చెమటకి జారదు.

తిత్తి పాడయ్యేది మూడు రకాలుగా. తోలు ఎండి మడతల దగ్గర చిట్లుతుంది. దానికి ఏడాదికోసారైనా నూనె పట్టించాలి. ఎలుకలు కొరుకుతాయి. ఈ రెండూ కనిపించే జబ్బులే. మూడోది ప్రమాదం. పనాపి వెళ్ళేటప్పుడు నిప్పు మీద పచ్చి బొగ్గు కప్పేస్తే దాని నుంచి వచ్చే వాయువు గొట్టం గుండా వెనక్కి తిత్తిలోకి చేరుతుంది. తిరిగొచ్చి గట్టిగా ఒక్క లాగు లాగితే ఆ వాయువుకి నిప్పంటుకుని తిత్తి పేలుతుంది, తోలు చిరిగిపోతుంది. అందుకే పనాపేముందు నిప్పుని తెరిచి ఉంచుతారు. మళ్ళీ మొదలుపెట్టేటప్పుడు నాలుగు చిన్న ఊదులు ఊది లోపలిది తరిమేసి, ఆ తర్వాతే గట్టిగా లాగుతారు.

దాగలి అంటే కాగిన ఇనుమును పెట్టి కొట్టే ఇనప దిమ్మె. దాని పక్కన పీటేమీ వెయ్యరు, కమ్మరి నిలబడే పని చేస్తాడు. చేతులు కిందికి వేలాడేసి పిడికిలి బిగిస్తే కణుపులు దాగలి ముఖానికి తగలాలి. అదే ఎత్తు. ఎక్కువైతే భుజం పోతుంది, తక్కువైతే నడుం పోతుంది. కింద చెట్టు మొద్దు, సగం నేలలో పాతినది. దాగలి మీద చెక్కిన మూడు అంకెలు చూసి చాలామంది సంవత్సరమనుకుంటారు. అది బరువు. మొదటి అంకె 112 పౌన్ల హండ్రెడ్‌వెయిట్లు, రెండోది అందులో పావులు, మూడోది విడి పౌన్లు. 1, 2, 14 అని ఉంటే 112 కి 56, దానికి 14 కలిపి 182 పౌన్లు, అంటే 82 కిలోల పైచిలుకు.

ఇక నాడా. పాత నాడా మేకుల మడతలు విప్పి, పటకారుతో మడమ వైపు నుంచి మెల్లగా ఊడదీస్తారు. ఒక్కసారిగా పెరికితే గిట్ట గోడ పెళ్ళలూడుతుంది. పెరిగిన గిట్టను కత్తితో చెక్కి, ఆకురాయితో చదును చేస్తారు. ఇనప పట్టీ పొడుగుకి ఓ మోటు లెక్కుంది: గిట్ట వెడల్పుకి రెండింతలు, దాని మీద రెండంగుళాలు. ఆరంగుళాల గిట్టకి 14 అంగుళాల ముక్క. ముందు కాళ్ళ నాడా గుండ్రంగా, వెనక కాళ్ళది కాస్త కోసుగా ఉంటుంది. గాడిద గిట్ట ఇరుకు, నిటారు. దానికి గుర్రం నాడాను చిన్నది చేసి వేస్తే సరిపోదు, ఆకారమే వేరు. వేడి నాడాను గిట్ట మీద రెండు మూడు సెకన్లు ఆనిస్తారు. కాలిన వెంట్రుకల వాసనతో పొగ లేస్తుంది. గిట్టలో అక్కడ నొప్పి తెలిసే భాగం లేదు. మచ్చ అంతటా సమంగా పడితే నాడా కుదిరినట్టు, పడని చోట సందున్నట్టు. అంతే గానీ ఎగుడుదిగుడు గిట్టను కాల్చి కాల్చి నాడాకు సరిచేయడం చేతకాని పని. ఎక్కువసేపు ఆనిస్తే వేడి లోపలి మెత్తటి భాగానికి దిగుతుంది.

మేకులు మామూలుగా ఏడు: బయటి వైపు నాలుగు, లోపలి వైపు మూడు. మేకు మొనకి ఒకవైపు వాలు చెక్కి ఉంటుంది. ఆ వాలు లోపలి వైపు ఉంటేనే మేకు బయటికి వంగుతూ పైకొస్తుంది. తిప్పి కొడితే నేరుగా మాంసంలోకి. మంచి కమ్మరి చెవితో కొడతాడు. గట్టి గిట్టలోకి దిగుతున్న మేకు ప్రతి దెబ్బకీ స్వరం పెంచుతుంది. శబ్దం మెత్తబడిందంటే దారి తప్పిందన్నమాట, వెంటనే లాగెయ్యాలి. మాంసానికి తగలకపోయినా దగ్గరగా వెళ్ళి ఒత్తితే, గుర్రం ఆరోజు బాగానే నడిచి రెండు మూడు రోజుల తర్వాత కుంటుతుంది. రైతుకీ కమ్మరికీ తగాదా అక్కడే మొదలు. ఆరు నుంచి ఎనిమిది వారాలకొకసారి ఇదంతా మళ్ళీ చేయాలి, నాడా అరగకపోయినా సరే, ఎందుకంటే గిట్ట పెరుగుతూనే ఉంటుంది.

చక్రాల పని వేసవిలో, ఆరుబయట. వడ్రంగి చేసిచ్చిన చక్రానికి ఇనప పట్టా తొడగాలి. నాలుగున్నర అడుగుల చక్రమనుకుందాం. చిన్న కొలత చక్రానికి సుద్దతో గీత పెట్టి, బండి చక్రం అంచు చుట్టూ దొర్లించి, ఎన్ని చుట్లు, ఎంత మిగులు అన్నది గుర్తుంచుకుంటారు. సుమారు 170 అంగుళాలొస్తుంది. అంతే పొడుగు పట్టీ కోస్తే చాలదు. వంచినప్పుడు లోపలి ముఖం కుదించుకుంటుంది, అందుకని మందానికి మూడింతలు కలపాలి. అర అంగుళం పట్టీకి అంగుళంన్నర. అతుకులో పోయేదానికి ఇంకొంచెం. ఆ తర్వాత బిగువు కోసం ఒక అంగుళం నుంచి అంగుళంపావు తీసెయ్యాలి. వంచి, అతికి, అదే కొలత చక్రాన్ని పట్టా లోపల దొర్లించి చూస్తే చక్రం కన్నా అంగుళం తక్కువ రావాలి. చల్లగా ఉండగా అది చక్రానికి ఎక్కదు. ఎక్కించేది మంటే.

నేల మీద రాళ్ళు పేర్చి వాటి మీద పట్టాలు పరుస్తారు. నిప్పు ఒక్క పట్టాకి దండగ, కాబట్టి నాలుగైదు చక్రాలు పోగయ్యాకే ముహూర్తం. చుట్టూ టర్ఫ్ నిలబెట్టి అంటిస్తారు. టర్ఫ్ ఈ పనికి పుట్టినట్టే ఉంటుంది. ఎగిసిపడకుండా, వలయమంతా ఒకే తీరున కణకణలాడుతుంది. ఈలోగా చక్రాన్ని గుండ్రటి రాయి మీద బోర్లిస్తారు. చాలాచోట్ల అది పనికిరాని తిరగలి రాయి. నడుమ కన్నంలో చక్రం కుండ, అంటే నడిమి దిమ్మ, దిగుతుంది, దాని గుండా పెద్ద మరచీల వేసి బిగిస్తారు. పట్టా 600 డిగ్రీలు పెరిగితే 170 అంగుళాల మీద అంగుళానికి పైగానే సాగుతుంది. బిగువు కోసం తీసేసిన అంగుళం ఆ లెక్క నుంచి వచ్చిందే. ముగ్గురు పొడుగాటి పటకార్లతో ఎత్తి, చక్రం మీద దించి, సమ్మెటతో తట్టి కూర్చోబెడతారు. చెక్క భగ్గుమంటుంది. ఆ క్షణానికి నీళ్ళు సిద్ధంగా లేకపోతే చక్రం పోయినట్టే. వాగు పక్కన కొలిమి కట్టింది ఇందుకే. కడవలతో, బాల్చీలతో చుట్టూ తిరుగుతూ పోస్తారు. ఒకవైపే పోస్తే ఆ వైపు ముందు బిగిసి చక్రం వంకరపోతుంది. పట్టా కుంచించుకుంటూ అంచు చెక్కల కీళ్ళను బిగిస్తూ, ఆకులను (కుండ నుంచి అంచుకు పోయే కర్రలను) కుండలోకి నొక్కుతుంటే కిర్రుకిర్రున శబ్దాలొస్తాయి. ఆ చప్పుడు లేకపోతే పట్టా వదులైనట్టే.

బిగువు ఎక్కువైతే ఆకులు వంగి చక్రం పళ్ళెంలా గుంటపడుతుంది, లేదా అంచు చెక్కలు నలిగిపోతాయి. తక్కువైతే మొదటి ఎండలకే పట్టా ఊడి దారిలో దొర్లుతుంది. అలాంటి బండిని వాగులో నిలబెట్టి చెక్కను ఉబ్బించడం రైతులకు తెలిసిన చిట్కా. అది మందు కాదు, ఇంటికి చేర్చే ఉపాయం మాత్రమే.

కర్రు పనికి వస్తే, మన పల్లెల్లో కర్రు కొట్టించడమన్న మాట తెలిసినవాళ్ళకి సగం చెప్పనక్కర్లేదు. రాళ్ళ నేలలో దున్నితే మొన అరిగి మొద్దవుతుంది. సాగదీసి సాగదీసి ఇక ఇనుము మిగలనప్పుడు కొత్త ముక్క అతకాలి. కొత్త ముక్కకు పాత ఆకురాయో, విరిగిన బండి స్ప్రింగో తీసుకుంటారు, అంటే ఉక్కు. చిక్కంతా ఇక్కడే. ఉక్కు ఇనుము కన్నా తక్కువ వేడికే కాలిపోతుంది. రెండూ ఒకేసారి నిప్పులో పెడితే ఇనుము అతుకు కాకకు వచ్చేసరికి ఉక్కు రవ్వలు చిమ్ముతూ పాడైపోతుంది. కాబట్టి కర్రును ముందు పెట్టి, అది పసుపు దాటాక ఉక్కు ముక్క పెట్టాలి. రెండు ముఖాల మీదా ఇసుక చల్లుతారు. అది కరిగి పైన పట్టిన పొక్కుతో (కాగిన ఇనుముకి గాలి తగిలి ఏర్పడే నల్లటి పొరతో) కలిసి పల్చటి ద్రవమవుతుంది. దాగలి మీద పెట్టాక మూడు నాలుగు సెకన్లే గడువు. మొదటి దెబ్బలు గట్టివి కాకూడదు. నడుమ నుంచి అంచులకు, చకచకా, తేలిగ్గా కొడితే ఆ ద్రవం పక్కలకు చిమ్మి పోతుంది. మొదటి దెబ్బే బలంగా అంచున కొడితే అది లోపలే చిక్కుకుంటుంది. పైకి అతికినట్టే కనిపించి పొలంలో మొదటి రాయికి ఊడుతుంది. చలికాలం పొద్దున్నే చల్లటి దాగలి మీద అతుకు పెట్టినా ఇదే గతి. అందుకే ముందు ఎర్రటి ఇనప ముక్కను దాని మీద పెట్టి వేడెక్కిస్తారు. పాత కాలపు ఇనుము, అంటే అచ్చులో పోసింది కాక సుత్తితో సాగగొట్టింది, పోగుల్లా ఉండి సులువుగా అతికేది. 1870ల తర్వాత మెత్తటి ఉక్కు చవకగా దొరకడం మొదలయ్యాక అతుకు పని ఇంకా ఖచ్చితం కావలసివచ్చింది.

పదును పెట్టడం రాతి పనివాళ్ళ ఉలి మీద బాగా తెలుస్తుంది. కొనను ఎర్రగా కాల్చి, అంగుళం మేర మాత్రమే నీటిలో ముంచి తీస్తారు. వెంటనే రాతి ముక్కతో రుద్ది మెరిసేలా చేస్తారు. పిడివైపు మిగిలిన వేడి కొనకు పాకుతూ రంగులు తెస్తుంది: ముందు ఎండుగడ్డి రంగు, తర్వాత గోధుమ, ఊదా, నీలం. గడ్డి రంగు 230 డిగ్రీలు, నీలం 300. గోధుమ నుంచి ఊదాకు మారుతున్నప్పుడు మొత్తం ముంచెయ్యాలి. ముందే ముంచితే ఉలి పెళుసై కొన విరుగుతుంది, నీలం దాటనిస్తే కొన మడుచుకుపోతుంది.

టర్ఫ్ కోసే పారను స్లేన్ అంటారు. ఇరుకైన పలకకు ఒక పక్క రెక్క ఉంటుంది, ఒక్క పోటుకి ఇటుక రెండు ముఖాలు తెగడానికి. రెక్క లోపలికి వాలితే తడి ఇటుక పారలోనే ఇరుక్కుంటుంది. అందుకని ప్రతివాడూ తన చేతివాటం చెప్పి, నిలువుగా కోసేదో అడ్డంగా పొడిచేదో చెప్పి చేయించుకునేవాడు. మామూలు పారలు మాత్రం నీటి మిల్లుల్లో తయారయ్యేవి. ఆంట్రిమ్ కౌంటీ టెంపుల్‌ప్యాట్రిక్‌లో 1919లో పెట్టిన ప్యాటర్సన్ మిల్లు ఇప్పుడు పాత కట్టడాలను కాపాడే నేషనల్ ట్రస్ట్ అనే సంస్థ చేతిలో ఉంది. కొలిమికి వచ్చేవి అరిగిన పారలే.

కూలి డబ్బు రూపంలోనే రావాలని లేదు. టర్ఫ్, బంగాళాదుంపలు, పొలంలో ఓ రోజు పని, ఇలా చెల్లేది. మన ఊళ్ళల్లో కమ్మరికి పంటలో వాటాగా ఇచ్చే ‘మేర’ లాంటి పద్ధతి. ఊళ్ళో పశువును కోస్తే తలకాయ కమ్మరిదే అన్న ఆనవాయితీ కూడా ఉండేది. 1937 నుంచి 1939 దాకా ఐరిష్ జానపద కమిషన్ సుమారు 5,000 బడుల పిల్లల చేత పెద్దవాళ్ళ మాటలు రాయించినప్పుడు, ఊరి కొలిములు అన్నది ఒక అంశంగా పెట్టారు. అందులో కొలిమి తొట్టి నీళ్ళు పులిపిర్లకు మందన్నది మళ్ళీ మళ్ళీ వస్తుంది. గుడ్ ఫ్రైడే నాడు మేకు కొట్టకూడదు. కమ్మరికి కోపమొచ్చి ఒకరి మీద దాగలి తిప్పితే ఆ ఇల్లు బాగుపడదని భయం. క్రైస్తవ సాధువు పాట్రిక్ పేరు మీద ఉన్న పాత ఐరిష్ ప్రార్థనలో ఆడవాళ్ళ, కమ్మరుల, డ్రూయిడ్ల (క్రైస్తవానికి ముందటి పూజారుల) మంత్రాల నుంచి కాపాడమని అడుగుతారు. ఆ భయం అంత పాతది. దొరలకు ఉన్న భయం వేరు. ఇంగ్లీషు దొరతనం మీద 1798లో లేచిన తిరుగుబాటులో బల్లెం మొనలు కొట్టింది ఈ కొలిముల్లోనే. అనుమానం తగిలితే చాలు, సైన్యం కొలిమికి నిప్పు పెట్టేది.

పని తగ్గింది ఒక్క దెబ్బకి కాదు. యంత్రాల మేకులు, రెడీమేడ్ నాడాలు ముందొచ్చాయి. వెక్స్‌ఫర్డ్ ఊళ్ళోని పియర్స్ లాంటి కర్మాగారాలు పోత ఇనుప కర్రులు అమ్మాయి. పోత ఇనుము అతకదు, అరిగితే మార్చడమే. తర్వాత బండికి రబ్బరు టైరు, 1946 నుంచి ఫెర్గూసన్ చిన్న ట్రాక్టరు, అదే ఏడాది మొదలైన పల్లె కరెంటు, దాని వెనకే వెల్డింగ్ యంత్రం. చక్రం పోవడంతో వేసవి పని పోయింది, గుర్రం పోవడంతో మిగతా ఏడాది పని పోయింది. కొందరు ఇనప గేట్ల పనిలోకి మళ్ళారు.

ఇప్పుడు లీట్రిమ్‌లో ఓ కూడలి దగ్గర పైకప్పు కూలిన గది కనిపిస్తే అది కొలిమో కాదో తేల్చడానికి గుమ్మం చూడక్కర్లేదు. గోడలో గుర్రాన్ని కట్టే ఇనప కడియం ఉందేమో చూడండి. బయట గడ్డిలో నడుమ కన్నమున్న గుండ్రటి రాయి కోసం వెతకండి. రెండూ లేకపోతే వాగు వైపు దిగండి. నల్లగా, బుడగలతో, ఒకవైపు గాజులా మెరిసే గడ్డలు గట్టులో ఉంటాయి. పరిమాణానికి తేలిగ్గా ఉండి, విరిస్తే బూడిద రంగు పొర కనిపిస్తే అది చిట్టెం. ఇక గదిలోనే, మట్టి నేల మీద అయస్కాంతం ఈడ్చండి. సుత్తి దెబ్బకి ఎగిరిపడిన చేప పొలుసుల్లాంటి ఇనప పొక్కులు దానికి దట్టంగా అంటుకున్న చోట ఆగండి. దాగలి మొద్దు పాతింది అక్కడే.